లేచి వెళ్ళాల్సిన గురువారం

మా వృత్తిలో లైసెన్సు నిలబడాలంటే ఏడాదికి ముప్పై గంటలపాటు కొత్తగా ఏదో ఒకటి నేర్చుకోవాలి. శిక్షణ శిబిరాలకు వెళ్ళవచ్చు, తోటి కౌన్సిలర్లతో కూర్చుని కేసులు చర్చించవచ్చు, ఊరి జనానికి పనికొచ్చే పని ఏదైనా చేయవచ్చు. చేసినదంతా ఒక ఫారంలో రాసి, సంతకాలు పెట్టించి బోర్డుకు పంపాలి. మాలో చాలామందిమి ఏడాది చివర్లో ఉలిక్కిపడి లేచి, కనిపించిన శిబిరానికల్లా పరిగెత్తి, వెనక వరుసలో కునుకు తీసి ఎలాగో ముప్పై అనిపించుకునేవాళ్ళం. అక్కయ్య అలా కాదు. ఆవిడ గంటలు ఏ ఏడూ నూట యాభైకి తగ్గలేదు. బోర్డు గుమాస్తా ఒకసారి ఫోన్ చేసి, "అమ్మా, ఫారంలో ఉన్నవి ముప్పై గడులే. మిగతావి ఎక్కడ రాయమంటారు?" అని అడిగాడట.

అక్కయ్య నాకు తోడబుట్టింది కాదు. నేను బడిలో పిల్లల కౌన్సిలర్‌ని. ఆవిడ ఊరి నడిబొడ్డున సొంత గది పెట్టుకుని ఇరవై రెండేళ్ళు మనుషుల గోడు విన్న మనిషి. ఆవిడ పెట్టిన గురువారం గ్రూపులో చేరినప్పటినుంచి అక్కయ్యా అని పిలవడం అలవాటైంది, ఆవిడ కూతురు నన్ను పిన్నీ అనడం అలవాటు చేసుకుంది. ఇప్పుడు అక్కయ్య లేదు. ఆవిడ గురించి ఊళ్ళో రెండు మాటలు మిగిలాయి. కొందరు దేవత అంటారు, కొందరు దొంగ అంటారు. రెండూ నాకు ఒళ్ళు మండించే మాటలే. అందుకే ఇది రాస్తున్నాను. రాసేముందు కూతుర్ని అడిగాను. "రాసుకో పిన్నీ, ఇంకా దాచడానికేముంది" అంది. ఆవిడ పక్క కుర్చీలో పదకొండేళ్ళు కూర్చున్నదాన్ని కాబట్టి చెప్పే హక్కు నాకుంది. అర్హత ఉందో లేదో మీరే తేల్చుకోండి.

గదిలో వినేది చాలదన్నట్టు ఆవిడ బయట కూడా వినేది. మంగళవారాలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటరు బయట బెంచీ మీద కూర్చునేది. లోపల తమవాళ్ళను ఉంచి బయట గోళ్ళు కొరుక్కునే జనం పక్కన ఊరికే కూర్చోవడమే ఆ పని. బట్టల మిల్లు కాలిపోయినప్పుడు నలభై రోజులు బాధితుల శిబిరంలోనే ఉండిపోయింది. కోపంతో ఊగిపోయే ప్రయాణికులతో ఎలా మాట్లాడాలో బస్సు కండక్టర్లకు నేర్పింది. ఆ తర్వాత మా రూటు కండక్టరు, చిల్లర లేదని కసిరే బదులు, "మీకు కొంచెం చిరాగ్గా ఉన్నట్టుందండీ" అనడం మొదలుపెట్టాడు. కసురుకున్నా బాగుండేది అనిపించింది నాకు. యాభై దాటాక కూడా శిబిరాల్లో మొదటి వరుసలో కూర్చుని, తన కూతురి ఈడువాళ్ళు చెప్పే పాఠాలను నోటుపుస్తకంలో బుద్ధిగా రాసుకునేది. అది నటన కాదు. నేర్చుకోవడమంటే ఆవిడకు నిజంగా ఆకలి.

అన్నిటికన్నా పేరు తెచ్చింది లైబ్రరీలో తల్లిదండ్రుల కోసం పెట్టిన శనివారం సభ. కుర్చీలు వేసేది, మైకు సరిచూసేది నేను. అక్కయ్య మైకు పట్టుకుంటే ఆవులించబోయేవాడు కూడా నోరు మూసుకునేవాడు. ఎప్పుడూ ఒకే కథతో మొదలుపెట్టేది. "మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు వచ్చినా పక్క తడిపే అలవాటు పోలేదు. ఒకరోజు బీరువా తీస్తే, ఇస్త్రీ బట్టల కింద తడి దుప్పటి. చక్కగా నాలుగు మడతలు పెట్టి దాచింది. నేను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, మడత ఎంత బాగా పెట్టావే అన్నాను. అంతే, ఆ రోజుతో అలవాటు పోయింది." జనం నవ్వేవారు, కొందరు కళ్ళు తుడుచుకునేవారు. నేను నలభై సార్లు విని ఉంటాను. నలభై సార్లూ నాకూ బాగానే అనిపించింది. ఆ పిల్ల తొమ్మిదేళ్ళ దగ్గర ఆగిపోలేదని, అదే ఊళ్ళో, అదే జనం మధ్య పెరిగి పెద్దదవుతోందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

క్లయింట్ల ఫైళ్ళకు ఇనుప అర, దానికి రెండు తాళాలు. తన దగ్గరికి ఎవరు వస్తున్నారో కట్టుకున్నవాడికి కూడా తెలియనిచ్చేది కాదు. ఆయన సర్వేయరు, నెలలో ఇరవై రోజులు పొలాల గట్ల మీద కొలత గొలుసులు లాగిస్తూ బయటే ఉండేవాడు, తెలిసినా ఎవరికీ చెప్పే రకం కాదు. అయినా చెప్పేది కాదు. కన్నకూతురికి మాత్రం ఫైలూ లేదు, తాళమూ లేదు.

ఆ కూతురికి ఇరవై ఆరేళ్ళొచ్చాయి. కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం. తల్లితో ఒకే ఇంట్లో ఉండేది గానీ మాటలు లెక్కపెట్టి ఆడేది. "ఎలా గడిచిందే ఇవాళ?" అని అక్కయ్య అడిగితే "గడిచింది" అనేది. అక్కయ్య తల ఊపి, "అంటే ఎలా అనిపించింది?" అనేది. పిల్ల లేచి గదిలోకి పోయి తలుపు వేసుకునేది. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. ఊరందరి నోళ్ళూ తెరిపించిన మనిషికి ఇంట్లో ఒక్క తలుపు తెరుచుకోలేదు. అక్కయ్య దీన్ని కూడా నేర్చుకుంటే వచ్చే విద్య అనుకుంది. పెద్దపిల్లలతో మాటలు కలపడం గురించి రెండు శిబిరాలకు వెళ్ళొచ్చింది.

ఇక గురువారం గ్రూపు. రెండు వారాలకోసారి సాయంత్రం ఐదింటికి లైబ్రరీ మేడ మీద గదిలో ఆరుగురం కూర్చుంటాం. ఒకరు తమ దగ్గరికి వచ్చే మనిషి గురించి చెప్పాలి. పేరు, పని, వయసు అన్నీ మార్చి, కన్నతల్లి విన్నా పోల్చుకోలేనట్టుగా చెప్పాలి. ఎక్కడ ఆగిపోయిందో, ఏం చేయవచ్చో తక్కినవాళ్ళు చెబుతారు. ఎంత మార్చినా ఒకరి సంగతి ఒకరికి తెలిసే ఊరు కదా, అందుకని ఒక నియమం ఉంది. చెబుతున్నది తనకు తెలిసిన మనిషి గురించేమోనని అనుమానం వస్తే చాలు, లేచి బయటికి వెళ్ళిపోవాలి. కారణం చెప్పకూడదు, మిగతావాళ్ళు అడగకూడదు. ఈ నియమం పెట్టింది అక్కయ్యే. ఒకసారి లేచి వెళ్ళి, గంటన్నర మెట్ల మీద కూర్చుంది. ఆ తర్వాత ఆరు నెలలు పంటినొప్పి భరించిందే గానీ తన పళ్ళ డాక్టరు మొహం చూడలేదు, కారణం మేమే ఊహించుకున్నాం. అలాంటి మనిషి.

ఆ ఏడు మా గ్రూపులో ఒక కొత్తమ్మాయి చేరింది. ఊళ్ళోకి వచ్చి ఐదు నెలలైంది. ఊరికి ఆ చివర మందుల షాపు మీద రెండు గదుల్లో పని మొదలుపెట్టింది. మహా శ్రద్ధ గల పిల్ల. అక్కయ్య ఏమన్నా రాసుకునేది, దగ్గినా రాసుకునేదేమో. ఆ గురువారం చెప్పే వంతు తనది.

"నా క్లయింటు ఒక దర్జీ దుకాణంలో కొలతలు తీసుకునే అమ్మాయి," అని మొదలుపెట్టింది. "అమ్మ ఏదో సంఘంలో పెద్ద. ఊళ్ళో మంచి పేరు. ఈ అమ్మాయి అమ్మతో ఏదీ చెప్పదు. ఎందుకంటే, చెప్పింది ఏదైనా సభలో బయటికొస్తుందని భయం. చిన్నప్పుడు పక్క తడిపి, ఆ దుప్పటి మడతపెట్టి బీరువాలో దాచిందట. ఆ సంగతి వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి మైకులో చెప్పిందట. మొన్నా మధ్య ఒకాయన భుజాల కొలత ఇస్తూ, 'నువ్వే కదూ ఆ దుప్పటి పిల్లవి' అని నవ్వాడట. ఆ అమ్మాయి కొలత సగంలో వదిలేసి వెనక గదిలోకి వెళ్ళి వాంతి చేసుకుంది."

అది అక్కయ్య కూతురి సంగతే. పాపం, కొత్తమ్మాయి కళ్ళద్దాల దుకాణాన్ని దర్జీ దుకాణం చేసింది, ఇంకా ఏవేవో మార్చింది, మార్చాల్సిన ఆ ఒక్కటీ వదిలేసింది. దుప్పటి దాచడం పిల్లలందరూ చేసే పనే అనుకుంది. శనివారం సభలు తను రాకముందే తగ్గిపోయాయి, ఒక్కసారీ వినలేదు. పైగా అక్కయ్య కూతురు తన తల్లి టీచరని చెప్పుకుందని తర్వాత తెలిసింది. మిగతా ముగ్గురూ ఈమధ్య చేరినవాళ్ళే. ఆ గదిలో ఆ కథ తెలిసినవాళ్ళం ఇద్దరమే.

నేను అక్కయ్య వైపు చూశాను. లేస్తుందనుకున్నాను. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించింది కూడా. తర్వాత ఆ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. లేవలేదు. నలభై నిమిషాలు, తన గురించి తన కూతురు అనుకునేదంతా చెవులు రిక్కించి విన్నది.

మరి నేనెందుకు లేవలేదంటారా? నియమం నాకూ వర్తిస్తుంది. అక్కయ్య లేవకుండా నేను లేస్తే ఆవిడ పరువు పోతుందని సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. పదకొండేళ్ళు ఆవిడకు మైకు సరిచూసినదాన్ని. అంత పెద్దావిడ ఇంట్లో గుట్టు బయటపడుతుంటే వినాలనిపించింది. లోపలెక్కడో కాస్త సంతోషం కూడా కలిగింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

కిందికి దిగి బస్టాపు దాకా వచ్చాక అన్నాను. "అక్కయ్యా, మీరు లేవాల్సింది."

"కాలు తిమ్మిరెక్కింది," అంది. 

"ఎవరికి చెప్తారండీ ఈ కబుర్లు?" అన్నాను.

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆవిడ ఎక్కలేదు. "పదేళ్ళయిందే అది నాతో నాలుగు ముక్కలు మాట్లాడి. ఇవాళ నలభై నిమిషాలు మాట్లాడింది. నాతో కాదు, తెలుసు. అయినా దాని మాటలే కదా. నువ్వైతే లేచేదానివా?" అని నిలదీసింది. మళ్ళీ తనే, "ఈ ఒక్కసారికే," అంది. 

ఒక్కసారి కాలేదు. కదలని కేసును వరసగా చెప్పుకునే వీలు మా గ్రూపులో ఉంది. కొత్తమ్మాయి ఆ కేసే ఎత్తుకునేది, అక్కయ్య పెద్దరికంగా సలహా ఇచ్చేది. "ఆ అమ్మాయి తల్లి ఏం చేస్తే బాగుండేదనుకుంటోందో అడిగి చూడమ్మా," అంది రెండోసారి. కొత్తమ్మాయి రాసుకుంది, అడిగింది, రెండు వారాలకు జవాబు పట్టుకొచ్చింది. "ఏమీ అడగకుండా పక్కన కూర్చుని తనతోపాటు బట్టలు మడతపెడితే చాలట. తను మాట్లాడుతుంటే అమ్మ తల ఊపడం మానేస్తే చాలట. ఆ ఊపుడు చూస్తే క్లయింటుని అయిపోయినట్టు ఉంటుందట." మిగతావాళ్ళు నవ్వారు. అక్కయ్య కూడా నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

కూతురి మనసులో మాట కూతురికి తెలియకుండా కూపీ లాగడమంటే ఇదే. అంతకన్నా మంచి పేరు నాకు దొరకలేదు. కానీ ఒకటి చెప్పాలి. అలా లాగిన ప్రతి మాటనూ ఆవిడ పాటించింది. తల ఊపడం మానుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు, మెడ పట్టేసినట్టు బిగబట్టుకుని కూర్చునేది. కూతురు షాపు నుంచి వచ్చేసరికి బట్టల కుప్ప ముందేసుకుని కూర్చుని, ఏమీ అడక్కుండా మడతలు పెట్టేది. శనివారం సభ ఇక పెట్టనని లైబ్రరీకి రాసిచ్చింది. ఐదో గురువారం కొత్తమ్మాయి, "దుప్పటి విషయంలో అమ్మ ఒక్కసారి తప్పయిందని అంటే తనకు ఇంకేమీ వద్దట," అని చెప్పింది. ఆ ఆదివారమే అక్కయ్య కూతురి పక్కన కూర్చుని, "దుప్పటి సంగతి నలుగురిలో చెప్పకుండా ఉండాల్సిందే. అది నీది, నాది కాదు. తప్పయిపోయింది," అంది.

ఇదంతా నాకెలా తెలుసంటే, మర్నాడు ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. "పిన్నీ, అమ్మ మారిపోయింది. నేను ఒక్క మాట అడగలేదు. తనంతట తనే వచ్చి చెప్పింది. దానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటో గానీ, తనంతట తనే!"

"మంచిదే కదమ్మా," అన్నాను. ఇంకేం అనను? ఆ పిల్ల మొహం అలా విప్పారడం నేను తనకు పదిహేనేళ్ళు వచ్చాక చూడలేదు. టీ పెట్టి ఇచ్చాను. తాగి, కప్పు కడిగి బోర్లించి, పాట పాడుకుంటూ వెళ్ళింది. ఆ వేళే చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెప్పలేదు, అంతే.

ఆరో గురువారం అయిన తర్వాత ఊరి సేవాసంఘం వాళ్ళు అక్కయ్యకు అభినందన సభ పెట్టారు. అదే లైబ్రరీ హాలు. కూతురు మొదటి వరుసలో కూర్చుంది. తల్లి సభకు ఆ పిల్ల రావడం ఎనిమిదేళ్ళలో అదే మొదలు. అక్కయ్య ఐదు నిమిషాలు కండక్టర్ల గురించి మాట్లాడి, ఇంటి ఊసెత్తకుండా దిగిపోయింది. కూతురు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. గురువుగారి సభ కదా అని కొత్తమ్మాయి కూడా వచ్చి వెనక నిలబడింది.

మా వృత్తిలో బయట క్లయింటు ఎదురైతే, వాళ్ళు పలకరిస్తేనే మేం పలకరించాలి. కొత్తమ్మాయి తల వంచుకుని పక్కకు తప్పుకోబోయింది. కానీ ఆ పిల్ల సంతోషంలో ఉంది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "అమ్మా, నీకు ఈవిడని చూపించాలి. ఏడు నెలలుగా ఈవిడ దగ్గరికే వెళ్తున్నాను. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపించింది."

కొత్తమ్మాయి అక్కయ్య మొహం చూసింది, ఆ పిల్ల మొహం చూసింది, ఒక్కొక్కటే కలుపుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. అక్కయ్యకు ఆ క్షణంలో కూడా వీలుంది. నిజం చెప్పే వీలు. "చాలా సంతోషమమ్మా, మిమ్మల్ని కలవడం," అంది, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు.

పక్కనే టీ కప్పుల పళ్ళెం పట్టుకుని లైబ్రరీ అటెండరు నిలబడ్డాడు. అమాయకుడు. "అదేంటి మేడమ్, కొత్తగా కలిసినట్టు! రెండు వారాలకోసారి మేడ మీద మీ ఆరుగురికీ టీ పోసేది నేనే కదా. ఈ అమ్మగారు మీ పక్క కుర్చీ వదలరు కదా!" అని పెద్దగా నవ్వాడు.

గురువారం గ్రూపులో ఏం చేస్తామో ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇంట్లో ఆ మాట వింటూ పెరిగింది. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

"అమ్మా, దుప్పటి సంగతి నీకే అనిపించి చెప్పావా? విని చెప్పావా?"

"నీకిప్పుడు చాలా కోపంగా ఉన్నట్టుంది. అది సహజమే..." అంది అక్కయ్య. గదిలో వాడే గొంతు. నాకు ఆవిడ నోరు మూయాలనిపించింది.

"విన్నావా, లేదా?"

"విన్నాను."

"ఎన్నిసార్లు?"

"ఆరు."

ఆ పిల్ల నావైపు తిరిగింది. "పిన్నీ, నువ్వూ అక్కడే ఉంటావు కదా. నేను మీ ఇంటికొచ్చి ఏడ్చినప్పుడు కూడా నీకు తెలుసా?"

తెలుసన్నాను. ఆ పిల్ల కుర్చీ మీద ఉన్న తన సంచీ తీసుకుంది. "ప్రపంచంలో ఒక్క గది ఉందనుకున్నాను," అంది, ఎవరితోనో తెలియకుండా. ఇంటికి కూడా వెళ్ళకుండా స్నేహితురాలి దగ్గరికి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుంది.

తర్వాతి సంగతులు గబగబా చెప్పేస్తాను. కొత్తమ్మాయి తన మీద తనే బోర్డుకు రాసుకుంది. చర్య ఏమీ తీసుకోలేదు గానీ ఆమె ధైర్యం పోయింది, మందుల షాపు మీద గదులు ఖాళీ చేసి వెళ్ళింది. అక్కయ్య కూడా అంతా ఒప్పుకుంటూ రాసి, లైసెన్సు తనే తిరిగిచ్చేసింది. నన్ను వివరణ అడిగారు. "ఆ కథ నాకు గుర్తు రాలేదు" అని రాసిచ్చాను. నలభై సార్లు విన్న కథ. నా లైసెన్సు ఇప్పటికీ చక్కగా ఉంది, ఏటా ముప్పై గంటలు నింపుతున్నాను.

అక్కయ్య మాత్రం మంగళవారాలు ఆసుపత్రి బెంచీ మానలేదు. ఊరికే కూర్చోవడానికి లైసెన్సు అక్కర్లేదు కదా అనేది. వారం వారం కూతురికి ఫోన్ చేసేది. ఎండలెలా ఉన్నాయి, నీళ్ళొస్తున్నాయా, అంతవరకే. అంతకన్నా ఒక్క మాట అడిగినా అవతల ఫోన్ పెట్టేసేది. 

ఏడాది గడిచాక నేను ఆ ఊరు వెళ్ళాను. కళ్ళద్దాలు మార్చాలన్న వంక పెట్టుకుని తిన్నగా ఆ దుకాణానికే వెళ్ళాను. మొహం ఎలా చూపించాలో తెలియక బయట రెండు సార్లు అటూ ఇటూ తిరిగాను. ఆ పిల్ల నన్ను చీకటి గదిలోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి అద్దాలు మార్చడం మొదలుపెట్టింది.

"పై వరుస చదువు పిన్నీ. అమ్మ పంపిందా?"

"లేదు. వస్తున్నానని మాత్రం చెప్పాను."

"అయితే వెళ్ళాక అడుగుతుంది. ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"ఇదే. తల్లీ, నన్ను క్షమించు."

ఇంకో అద్దం మార్చింది. మొహం కనిపించని ఆ చీకట్లోంచే మాట్లాడింది. "ఆ మూడు నెలలూ బాగున్నాయి పిన్నీ. వినకూడనిది వినే చేసింది, నిజమే. కానీ నా పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టింది అమ్మే కదా. నేనంటే అంత ఇది లేకపోతే, నియమాల కోసం పంటినొప్పి ఓర్చుకునే మనిషి అలాంటి పని చేస్తుందా? కోపం ఎప్పుడో పోయింది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు." ఫ్రేము తీసేస్తూ, "ఇది అమ్మకి చెప్పకు," అంది.

"ఎందుకే? ఈ ఒక్క మాట చాలు, ఆవిడ బతికిపోతుంది."

"చెప్పాలనిపించినప్పుడు నేనే చెప్తాను. నేనన్న మాట ఇంకో నోటి నుంచి అమ్మ చెవిన పడకూడదు. ఈసారైనా."

మాటిచ్చాను. అద్దాల చీటీ రాసిచ్చి గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

తిరిగొచ్చేసరికి అక్కయ్య మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఎప్పటినుంచి కూర్చుందో. "ఎలా ఉంది? చిక్కిందా?" అంది. బాగుందన్నాను. "నా గురించి ఏమన్నా అందా?" ఏమీ అనలేదన్నాను. ఇరవై రెండేళ్ళు అబద్ధాలు విన్న మనిషి. వెంటనే పట్టేసింది. 

"దాస్తున్నావు."

"అవునక్కయ్యా, దాస్తున్నాను."

"మాటలు చెప్పొద్దులే. మంచిదో చెడ్డదో, అదొక్కటి చెప్పు." నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఒకరిని బతిమాలగా నేనెప్పుడూ చూడలేదు. "పోనీ చెడ్డదే అను. అదైనా అను."

మంచిదే అనడానికి నోటిదాకా వచ్చింది. ఆరు గురువారాలూ పాటించని నియమం ఆ పూట పాటించాను. మాట తప్పితే ఆ పిల్ల మొహం ఇక చూడలేనని భయపడ్డాను. అక్కయ్య కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని, "సరేలే, అది వద్దని ఉంటుంది. నువ్వు చెప్పకపోవడమే న్యాయం," అని లేచి వెళ్ళింది.

ఆ తర్వాత నలభై రోజులకు ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ కూలబడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. కూతురు సాయంత్రం బండికి వచ్చింది. చేయాల్సినవన్నీ ఏడవకుండా చేసింది. మర్నాడు జనం వెళ్ళిపోయాక, సర్వేయరు గారు లోపల పడుకున్నాక, వంటగదిలో మేమిద్దరమే మిగిలాం. 

"పిన్నీ, ఆ రోజు నేను చెప్పింది, అమ్మకి చెప్పావా?" అని అడిగింది.

మాట నిలబెట్టుకున్నానన్న ధీమాతో, "లేదమ్మా. ఎంత బతిమాలినా చెప్పలేదు. నీకు మాటిచ్చాను కదా," అన్నాను.

అప్పటిదాకా ఏడవని పిల్ల గోడకు ఆనుకుని నేల మీదికి జారిపోయింది. "చెప్పేస్తావనుకున్నాను," అంది. "మీరెవ్వరూ మాట మీద ఉండరు కదా పిన్నీ. చెప్పేస్తావనే నీతో అన్నాను."